చెప్పినవాడే చూపించాలి

మా తిరుమలగిరి నుంచి కార్ఖానా, ప్యారడైజ్ దాటి బేగంపేట వైపు వెళ్తే, పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పాతకాలం కట్టడం ఉంటుంది. రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు దానికి. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉంది. మలేరియా దోమల వల్ల వస్తుందని తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే అని చిన్నప్పటి నుంచి క్విజ్‌లలో రాస్తూనే ఉన్నాం కదా. అందులో ఎంతవరకు నిజం ఉందో చెప్పాలంటే రాస్ కథ మొదటి నుంచీ చెప్పాలి.

రాస్ 1857 మే 13న ఆల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కేమో కవిత్వం, సంగీతం, లెక్కలు ఇష్టం. తండ్రి వినలేదు, లండన్‌లో మెడిసిన్‌లో చేర్పించాడు. (ఈ కథ మనలో చాలామందికి కొత్త కాదు, బ్రాంచి పేరు మారుతుందంతే.) 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం దొరికింది. చాలా ఏళ్ళు డ్యూటీ చేస్తూ, నవలలు రాస్తూ, లెక్కలు వేసుకుంటూ గడిపేశాడు.

అప్పటికి మలేరియాకి కారణం చిత్తడినేలల నుంచి లేచే చెడుగాలి అని శతాబ్దాలుగా నమ్మకం. ఆ పేరుకి అర్థమే చెడుగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా వస్తోందో మాత్రం తేలలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మ్యాన్సన్ రాస్‌కి ఆ పరాన్నజీవిని మైక్రోస్కోప్‌లో చూపించి, దాని మిగతా జీవితం దోమలో గడుస్తుందేమో అన్న తన అనుమానం చెప్పాడు. అనుమానం మ్యాన్సన్‌ది, రుజువు చేసే బరువు రాస్‌ది.

ఇక్కడ ఒక మాట. హాస్టల్లో రాత్రి వాదన ముదిరితే ఎవడో ఒకడు, లేదని నువ్వే ప్రూవ్ చెయ్ అంటాడు. దెయ్యాల దగ్గర్నుంచి ఫైనల్ ఇయర్ ప్లేస్‌మెంట్ పుకార్ల దాకా ఇదే వరస. రాస్ కూడా ఆ దారి పట్టొచ్చు. దోమలు కారణం కాదని మీరే చూపించండి అని పేపర్ రాసేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నిజానికి చెడుగాలి వాదాన్ని ఎవరూ రుజువు అడగలేదు, పాత నమ్మకం కాబట్టి దానికి ఫ్రీ పాస్. ఇది అన్యాయమే. అయినా కొత్త మాట తెచ్చినవాడు తానే కాబట్టి, చూపించాల్సింది కూడా తానే అని నడుం కట్టాడు.

1895లో సికింద్రాబాద్ వచ్చాడు. దోమ నీళ్ళలో చచ్చిపోతుంది, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుంది అన్నది మ్యాన్సన్ ఊహ. ఆ నీళ్ళు ఒప్పుకున్న మనుషులకి తాగించి చూశాడు. ఒకరికి కాస్త జ్వరం వచ్చింది. మనమైతే అక్కడే పార్టీ చేసుకునేవాళ్ళం. రాస్ మళ్ళీ మళ్ళీ చేశాడు, ఫలితం నిలవలేదు, వదిలేశాడు. ఆ మనుషులకి తాము ఒప్పుకున్నది ఏమిటో ఎంతవరకు అర్థమైందో అన్నది నాకు ముల్లులా గుచ్చుకునే ప్రశ్న.

ఆ తర్వాత వందలకొద్దీ దోమల్ని కోశాడు. ఏమీ దొరకలేదు. కలరా పనికి బెంగళూరు పంపారు, ఊటీ వైపు వెళ్ళినప్పుడు తనకే మలేరియా తగిలింది. 1897లో మళ్ళీ ఇక్కడికి వచ్చాడు. అసలు చిక్కేమిటంటే, ఇన్నాళ్ళూ కోసినవి వేరే జాతి దోమలు. వాటిలో దొరకలేదంటే ఏ దోమలోనూ లేదని అర్థం కాదు కదా.

ఆగస్టు 16న రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టాయి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. 20వ తేదీకి రెండే మిగిలాయి. ఒకదాన్ని కోస్తే పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవిలో ఉండే లాంటి నల్లటి రేణువులు. మర్నాడు రెండోదాన్ని కోశాడు. కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి! అంతకుముందు కోసిన వందల దోమల్లో ఇలాంటివి ఒక్కటీ కనబడలేదు. ఫెయిలైన ఆ రెండేళ్ళ పనే ఇప్పుడు కంట్రోల్ రీడింగ్‌గా పనికొచ్చింది.

డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. మలేరియా రహస్యం దొరికిందని పేరు పెట్టలేదు. రెండు దోమల్లో కనబడిన కొన్ని వింత కణాల గురించి అని మాత్రమే పెట్టాడు. రెండు దోమలకి అంతే చెప్పాలి మరి. దోమ పొట్టలో ఉన్నంత మాత్రాన కుడితే వస్తుందని తేలదు.

తర్వాత మలేరియా పెద్దగా లేని రాజపుతానా చోటికి బదిలీ. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా పట్టుకుని, మహమ్మద్ బక్ష్ సాయంతో పరాన్నజీవిని దోమ లాలాజల గ్రంథుల దాకా వెంటాడాడు. ఆ దోమలతో కుట్టిస్తే ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకీ జబ్బు వచ్చింది. గొలుసు అక్కడ పూర్తయింది, పక్షుల వరకు. మనుషుల వరకు పూర్తిచేసింది అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం. 1900లో ఇటలీ నుంచి తెప్పించిన దోమలతో మ్యాన్సన్ కొడుకే లండన్‌లో కుట్టించుకుని జ్వరం తెచ్చుకున్నాడు. కాబట్టి మన క్విజ్ జవాబు సగమే. సికింద్రాబాద్‌లో దొరికింది మొదటి గట్టి ఆధారం. నా లెక్కలో అది చిన్నదేం కాదు.

1902లో నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది. ఇక్కడే ఆయన నాకు నచ్చడు. గ్రాసీ తన పనిని దొంగిలించాడని ఏళ్ళ తరబడి తిట్టాడు. దోమ మీద నేరం మోపడానికి మూడేళ్ళు ఆధారం వెతికినవాడు, మనిషి మీద మోపేటప్పుడు అంత ఓపిక పట్టలేదు.

చివరికి మళ్ళీ లెక్కల దగ్గరికే వచ్చాడు. దోమలన్నిటినీ చంపడం అసాధ్యం, కాబట్టి దోమల నియంత్రణ దండగ అని చాలామంది అన్నారు. రాస్ మారిషస్ వెళ్ళివచ్చి, 1908లో ఒకసారి, 1911 పుస్తకంలో మరోసారి సమీకరణాలు రాసి చూపించాడు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు, అన్నీ చావక్కర్లేదు, మలేరియా తనంతట తనే తగ్గిపోతుంది. అంటువ్యాధులకి మనవాళ్ళు ఇప్పుడు కోడ్ రాసే మోడల్స్‌కి మూలాల్లో ఇదొకటి. డాక్టరు కమ్మని తండ్రి పక్కకి తోసేసిన లెక్కలే అవి. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయాడు.