అచ్చుయంత్రమును పరిచర్యకు లోబరచిన విలియం కేరీ

శతవత్సర మహోత్సవ సంచిక నిమిత్తము ఆరాధనలోను, పరిచర్యలోను నేటి యంత్రసాధనముల వినియోగమును గూర్చి వ్రాయవలసినదిగా సంపాదకవర్గమువారు నన్ను కోరారు. తెరమీద కీర్తనలు చూపవచ్చునా, సెల్‌ఫోనులో ప్రసంగము పంపవచ్చునా అన్న ప్రశ్నలకు సంఘములలో ఇప్పటికీ వాదములు జరుగుచున్నవి. ఈ ప్రశ్న మన తరముతో పుట్టినది కాదు. ఆ వాదములోనికి దిగుటకన్న, తన కాలములోని అతి క్రొత్త యంత్రమును సంఘసేవలో ముప్పది నాలుగు సంవత్సరములు నడిపించిన ఒక దైవజనుని జీవితమును చదువరుల ముందుంచుట మేలని తోచినది. ఆ యంత్రము వలన ఆయన పొందినది ఎంత, పోగొట్టుకొన్నది ఎంత అన్నది కూడ ఈ కథలో భాగమే.

విలియం కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించారు. తండ్రి ఎడ్మండు నేతపని చేసి, పిమ్మట ఆ ఊరి బడిపంతులు, గుడి గుమాస్తా అయ్యారు. ఎండలో పనిచేస్తే చర్మవ్యాధి బాధించుట వలన కేరీ వ్యవసాయము మాని చెప్పులు కుట్టే పనిలో చేరారు. చెప్పులు కుడుతూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొన్నారు. పనిచేసే గదిలో గోడకు తన చేతితో గీసిన ప్రపంచపటము తగిలించి, ఏ దేశములో జనులెందరు, వారి మతమేది అని దానిమీద వ్రాసుకొనేవారట. 1783లో నెన్ నదిలో బాప్తిస్మము పొంది, తరువాత బాప్టిస్టు సంఘ కాపరి అయ్యారు. 1792లో ఆయన వ్రాసిన చిన్న పుస్తకము, నాటింగ్‌హాములో చేసిన ప్రసంగము ఫలితముగా అదే సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగు పట్టణములో బాప్టిస్టు మిషనెరీ సొసైటీ ఏర్పడినది. ఇవి మన ఆదివార బడి పిల్లలకు కూడ తెలిసిన సంగతులే.

ఎక్కువమందికి తెలియనిది మరొకటి ఉన్నది. 1793లో ఓడ ఎక్కుటకు ముందే కేరీగారు విలియం వార్డ్ అను యువకుని కలిశారు. వార్డ్ అచ్చుపని నేర్చినవాడు, తరువాత పత్రికా సంపాదకుడైనవాడు. దేవుని కృప వలన లేఖనములు తర్జుమా అయిన రోజున వాటిని అచ్చు వేయుటకు నీవంటి వాడు కావలెనని కేరీగారు అతనితో చెప్పి వెళ్లిపోయారు. బెంగాలీ భాషలో ఒక్క మాటయు సరిగా పలుకలేని దినములలోనే అచ్చు వేసేవాని కొరకు చూచుకొన్న మనిషి ఆయన. అయినప్పటికి ముందు యంత్రము కొనలేదు, ముందు భాష నేర్చుకొన్నారు. ఈ వరుసను గమనించవలసినదిగా చదువరులను కోరుచున్నాను.

1793 నవంబరులో కలకత్తా చేరిన కేరీ కుటుంబమునకు మొదటి సంవత్సరము ఆకలి, జ్వరములు తప్ప వేరేమియు దొరకలేదు. ఈస్టిండియా కంపెనీవారు మిషనెరీలను తమ రాజ్యములో ఉండనిచ్చుట లేదు. 1794లో మాల్దా ప్రాంతములోని మద్నాబతిలో నీలిమందు కర్మాగారమునకు మేనేజరు ఉద్యోగము దొరికినది. అదే సంవత్సరము అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయాడు. భార్య డొరొతీ అమ్మగారికి మతిస్థిమితము తప్పినది. ఆమె ఇంగ్లండు విడిచి వచ్చుటకు మొదట ఒప్పుకొనలేదు. తుదిక్షణములో ఒప్పించి తీసికొని వచ్చారు. ఆమె పదమూడేండ్లు ఆ స్థితిలోనే జీవించి 1807 డిసెంబరులో మరణించినది. ప్రక్క గదిలో ఆమె కేకలు వేయుచుండగా ఇవతల గదిలో కేరీగారు తర్జుమా పనిలో ఉండేవారు. దీనిని ఆయన ఓర్పునకు గుర్తుగా మాత్రమే చెప్పుకొనుట మనకు అలవాటు. ఆ అమ్మగారు చెల్లించిన వెలను మన మిషను చరిత్రలు ఒక వాక్యములో దాటివేయుట నాకు సమ్మతముగా లేదు.

మద్నాబతిలో రామ్ రామ్ బసు అను మున్షీ సహాయముతో కేరీగారు క్రొత్త నిబంధనను బెంగాలీలోనికి తర్జుమా చేశారు. 1798లో కలకత్తాలో ఒక కొయ్య అచ్చుయంత్రము అమ్మకమునకు వచ్చినది. కర్మాగారపు యజమానియైన జార్జి అడ్నీగారు దానిని కొని కానుకగా ఇచ్చారు. ఆ యంత్రము ఊరికి చేరినప్పుడు కేరీగారి సంబరము చూచి, ఇది దొరవారి దేవుడు కాబోలునని గ్రామస్థులు అనుకొన్నారట. నవ్వి ఊరుకొనదగిన మాట కాదది. కొన్ని సంఘములలో క్రొత్త సౌండు సిస్టమునకు జరిగే ప్రతిష్ఠ ఆరాధనలను చూచినప్పుడు ఆ గ్రామస్థులు నాకు జ్ఞాపకము వచ్చుచుందురు.

యంత్రమున్నది గాని నడిపేవారు లేరు. 1799 అక్టోబరులో వార్డ్, జాషువా మార్ష్‌మన్ మొదలైనవారు ఓడ దిగి, కంపెనీవారి భయముచేత డేనిష్‌వారి పాలనలోనున్న సెరాంపూరులో ఆగిపోయారు. 1800 జనవరిలో కేరీగారు తన యంత్రముతో సహా అక్కడికే వెళ్లారు. మార్చి 18న మత్తయి సువార్త మొదటి ఫారము అచ్చయినది. 1801 ఫిబ్రవరికి క్రొత్త నిబంధన ముగిసినది. బైండు చేసిన మొదటి ప్రతిని ప్రభురాత్రి భోజనపు బల్లమీద ఉంచి, మిషనెరీ కుటుంబములు, క్రొత్తగా బాప్తిస్మము పొందిన బెంగాలీ విశ్వాసులు దాని చుట్టు కూడి స్తుతి చెల్లించారు. ప్రభువు బల్లమీదికి వెళ్లినది పుస్తకము. యంత్రము దాని గదిలో అది ఉన్నది.

ఆ పుస్తకము వెనుక పంచానన కర్మకార్ అను కమ్మరి ఉన్నాడు. చార్లెస్ విల్కిన్స్ అను దొర వద్ద బెంగాలీ అక్షరములకు పంచ్‌లు చెక్కుట నేర్చిన పనివాడు. ఉక్కుకడ్డీ కొనమీద అక్షరమును తిరుగవేసి చెక్కి, దానిని మెత్తని లోహములో కొట్టి అచ్చు తీసి, ఆ అచ్చులో సీసము పోస్తే టైపు వచ్చును. సంయుక్తాక్షరములు, గుణింతములు గల మన భాషలకు ఇంగ్లీషుకు వలె ఇరువది ఆరు అక్షరములు చాలవు. వందలకొలది పంచ్‌లు కావలెను. పంచానన ఈ పనిని తన అల్లుడు మనోహర్‌కు నేర్పి 1804 ప్రాంతములో గతించాడు. మనోహర్ దశాబ్దములు ఆ టైపు ఫౌండ్రీలో పనిచేసి అనేక భాషలకు అక్షరములు చెక్కాడు. అతడు తన పూర్వుల మతములోనే ఉండిపోయాడు. భారతదేశములో అనేక భాషల బైబిళ్లకు అక్షరరూపము ఇచ్చిన చేతులు క్రైస్తవుని చేతులు కావు. సంఘపు పనిలో సాంకేతిక నిపుణులను ఎంచుకొనేటప్పుడు మన కమిటీలు ఈ సంగతి తలచుకొనుట మంచిది.

మన తెలుగువారి సంగతికి వస్తున్నాను. బెంజమిన్ షుల్జ్ అను లూథరన్ మిషనెరీ 1732 నాటికే తెలుగులో బైబిలును తర్జుమా చేశారు. కాని అది అచ్చునకు నోచుకొనక వ్రాతప్రతిగానే మిగిలిపోయినది. తరువాత 1805లో లండన్ మిషను పక్షమున విశాఖపట్టణము వచ్చిన క్రాన్, డేగ్రాంజిస్ అనువారు, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో మరల పని ప్రారంభించారు. క్రాన్‌గారు 1809లోను, డేగ్రాంజిస్‌గారు 1810లోను మరణించారు. అయినను డేగ్రాంజిస్‌గారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చయి బయటికి వచ్చినవి. రెండు తర్జుమాలకు ఎనుబది ఏండ్ల ఎడమున్నది. మొదటిదానికి దొరకనిది, రెండవదానికి దొరికినది తెలుగు టైపు గల ముద్రణాలయమే.

ఆ 1812వ సంవత్సరములోనే, మార్చి 11 సాయంకాలము, సెరాంపూరు ముద్రణాలయమునకు నిప్పంటుకొన్నది. వార్డ్‌గారు బల్ల యొద్ద లెక్కలు చూచుకొనుచుండగా కాగితపు కట్టలనుండి పొగ కనబడినది. తలుపులు, కిటికీలు అన్నియు మూయించి, పైకప్పు నుండి నీళ్లు పోయించి, నిప్పును ఊపిరాడనీయక చంపుటకు ప్రయత్నించారు. చాలవరకు అణగినది కూడ. ఇంతలో ఎవరో తెలియక కిటికీ తెరచారు. గాలి సోకి మంటలు లేచినవి. నడిరేయి దాటువేళకు కప్పు కూలినది. పదునాలుగు భాషల టైపులు కరిగిపోయినవి. ఇంగ్లండు నుండి వచ్చిన కాగితము పన్నెండు వందల రీములు కాలిపోయినది. కేరీగారు సంవత్సరముల తరబడి కూర్చుచున్న బహుభాషా నిఘంటువు, రామాయణపు తర్జుమా వ్రాతప్రతి, ఆయన సిద్ధపరచిన తెలుగు వ్యాకరణము, అన్నియు బూడిదైనవి.

అప్పుడు కేరీగారు కలకత్తాలో ఉన్నారు. 1801 నుండి ఫోర్టు విలియం కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు బెంగాలీ, సంస్కృతము, మరాఠీ బోధించుచు, ఆ జీతములో తన ఇంటి ఖర్చునకు కొద్దిగా ఉంచుకొని మిగిలినది మిషను ఉమ్మడి నిధికి ఇచ్చేవారు. మరునాడు మార్ష్‌మన్‌గారు వెళ్లి వార్త చెప్పగా ఆయన కన్నీరు పెట్టుకొన్నారు. తరువాతి ఆదివారము నలుబదియారవ కీర్తనమునుండి ప్రసంగించారు. ఈ లోపల వార్డ్‌గారు బూడిద త్రవ్వించగా ఉక్కు పంచ్‌లు, వాటితో తీసిన అచ్చులు చెడక దొరికినవి. అచ్చుయంత్రములు ప్రక్క గదిలో ఉండుటచేత అవియు దక్కినవి. కరిగి ముద్దయిన లోహమునే మరల కాచి టైపు పోసి, కొన్ని వారములలో ఒక్కొక్క భాషలో పని మొదలుపెట్టారు. వార్త ఇంగ్లండు చేరగా, దాదాపు ఏబది దినములలో నష్టమునకు సరిపడు పదివేల పౌనుల చందా వసూలైనది. కేరీగారు తెలుగు వ్యాకరణమును మరల మొదటినుండి వ్రాసి 1814లో ప్రకటించారు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. యంత్రములు బలపడినకొలది భాషల సంఖ్యయు పెరిగినది. కేరీగారి పర్యవేక్షణలో దాదాపు నలుబది భాషలలో లేఖనభాగములు వెలువడినవి. ఒక్కొక్క భాషకు ఒక పండితుని కూర్చుండబెట్టి, సంస్కృత బెంగాలీ ప్రతులను ముందుంచి తర్జుమా చేయించి, కేరీగారు సరిచూచేవారు. తాను ప్రజలమధ్య జీవించి నేర్చిన బెంగాలీ వేరు, బల్ల యొద్ద పండితుని ద్వారా నేర్చిన భాషలు వేరు. తెలుగు కూడ సంస్కృతము నుండి పుట్టినదేనని ఆయన తలంపు. 1816లో మద్రాసులో వెలువడిన కాంబెల్ దొరగారి తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొరగారు వ్రాసిన పీఠిక ఆ తలంపును ఖండించి, తెలుగు, తమిళము, కన్నడము ఒకే కుటుంబపు భాషలని చూపినది. సెరాంపూరువారి తెలుగు క్రొత్త నిబంధన 1818లోను, పంచకాండములు 1821లోను వచ్చినవి. కాని తెలుగు సంఘముల నోట నిలిచినది ఆ తర్జుమా కాదు; ఈ నేలమీద కాపురముండి పనిచేసినవారి పరంపరలో వచ్చినది. బెంగాలీ విషయములో కేరీగారే తృప్తిపడక, క్రొత్త నిబంధనను సవరించి సవరించి తన జీవితకాలములో ఎనిమిది ముద్రణలు వేయించారు. నలుబది భాషలకు అటువంటి ఓపిక ఒక్క మనిషికి ఎక్కడినుండి వచ్చును?

ఇది గతించిన సంగతి కాదు. 2020లో కరోనా వలన గుడి తలుపులు మూసినప్పుడు ఫోను ద్వారా ఆరాధన చేరినది. కాని పట్టణపు తెలుగులో చేసిన ఆ ప్రసంగము తండాలో లంబాడీ మాట్లాడే అవ్వకు, గూడెములో కోయభాష మాట్లాడే తాతకు ఎంతవరకు చేరినదని అడిగినవారు తక్కువ. ఎందరు చూచారన్న లెక్క మాత్రము చాలమంది గురువులకు నోటికి వచ్చినది.

సెరాంపూరు కథలో కాగితపు మిల్లు సంగతి కూడ ఉన్నది. దేశవాళీ కాగితమును పురుగులు తినివేయుచుండుట చేత పురుగు పట్టని కాగితము తామే తయారుచేయ పూనుకొన్నారు. మొదట మనుషులు తొక్కితే తిరిగే చక్రముతో మిల్లు నడిపారు. అందులో ఒక కూలివాని ప్రాణము పోయినది. ఆ పిమ్మట ఇంగ్లండు నుండి ఆవిరి యంత్రము తెప్పించి 1820 మార్చిలో నడిపించారు. మన దేశమునకు వచ్చిన తొలి ఆవిరి యంత్రములలో అది ఒకటి. అగ్నియంత్రమని పేరు పెట్టి జనము తండోపతండములుగా చూడవచ్చారు. ఆ కూలివాని పేరు మాత్రము ఎవరును వ్రాసి ఉంచలేదు.

అదే ముద్రణాలయమునుండి 1818లో సమాచార్ దర్పణ్ అను బెంగాలీ వారపత్రిక వెలువడినది. ఆ సంవత్సరమే సెరాంపూరు కళాశాల స్థాపించబడినది. ఈ తరువాతి సంవత్సరములు అంత సుఖముగా సాగలేదు. 1823లో వార్డ్‌గారు కలరాతో మరణించారు. ముద్రణాలయము, భవనములు ఎవరి అధికారములో ఉండవలెనన్న వివాదము ముదిరి 1827లో సెరాంపూరువారు ఇంగ్లండులోని సొసైటీనుండి విడిపోయారు. ఆస్తి పెరిగినచోట ట్రస్టు పత్రములు, కమిటీ తీర్మానములు, కలహములు వెంటవచ్చును. మన అధ్యక్ష మండలపు చరిత్ర ఎరిగినవారికి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు.

1829 డిసెంబరులో సతీసహగమన నిషేధపు చట్టమును బెంగాలీలోనికి తర్జుమా చేయుటకు ప్రభుత్వమువారు కేరీగారికి పంపారు. అది ఆదివారము. ఆలస్యమైన ప్రతి గడియకు ఒక స్త్రీ ప్రాణము పోవచ్చునని ఎంచి, ఆనాటి ప్రసంగమును మరొకరికి అప్పగించి, సాయంకాలమునకు తర్జుమా ముగించారు.

1832లో బెంగాలీ బైబిలు కడపటి సవరణ పూర్తయినది. అప్పటికి ఆయనకు డెబ్బది ఏండ్లు దాటినవి. 1834 జూన్ 9న సెరాంపూరులో కన్నుమూశారు; నలుబది ఏండ్లకు పైగా ఈ దేశములో ఉండి ఒక్కసారియైన స్వదేశమునకు వెళ్లలేదు. 1837లో మార్ష్‌మన్‌గారు కూడ గతించగా, సెరాంపూరు ముద్రణపు పని కలకత్తాలోని బాప్టిస్టు మిషను ప్రెస్సులో కలిసిపోయినది. మనోహర్ మాత్రము ఆ తరువాత కూడ సెరాంపూరులో పంచ్‌లు చెక్కుతూనే ఉన్నాడు.