పక్షుల నేస్తం సలీం ఆలీ

బళ్లారి నుంచి సిరుగుప్ప వైపు వెళ్తుంటే హగరి నది పరిసరాల్లో కనుచూపు మేర నల్లరేగడి పొలాలు కనిపిస్తాయి. జొన్న, శనగ, పత్తి పండే ఈ నేలల మీద ఒకప్పుడు బట్టమేక పక్షులు తిరిగేవి. నిలబడితే మీటరు ఎత్తు ఉండే ఈ పెద్ద పక్షిని కన్నడంలో ఎరెభూత అంటారు. ఎరె అంటే నల్లరేగడి నేల. మన తాతలు చూసిన ఈ పక్షిని మనలో చూసినవారు చాలా తక్కువ. దానికి జరుగుతున్న ముప్పును దేశానికి తెలియజెప్పినవారిలో ముఖ్యుడు సలీం ఆలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించాడు. మూడేళ్లు నిండేసరికి తల్లిదండ్రులిద్దరూ మరణించారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఆ పిల్లలను పెంచాడు. మేనమామకు వేట అంటే ఇష్టం. ఆ ఇంట పెరిగిన సలీంకు కూడా గొప్ప వేటగాడు కావాలనే కోరిక ఉండేది. ఒకనాడు గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు పచ్చని మచ్చ ఉంది. అలాంటి పిచ్చుకను అతడు ఎన్నడూ చూడలేదు. మేనమామ ఆ కుర్రవాణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ ఆ పక్షి పేరు చెప్పడమే కాక, బీరువాలు తెరిచి వందలాది పక్షుల నమూనాలను చూపించాడు. ఆ రోజుతో సలీం మనసు పక్షుల వైపు తిరిగింది.

కొన్నాళ్లు బర్మాలో కుటుంబ వ్యాపారం చూశాడు. అది కలిసిరాలేదు. తరువాత జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకొని వచ్చాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. అయినా హైదరాబాదు సంస్థానంలోని పక్షులను పరిశీలించే పని పూనుకొని, జీతం అడగకుండా ఖర్చులు మాత్రం ఇస్తే చాలన్నాడు. 1931లో ఆ పని మొదలైంది. భార్య తెహ్మినా ఆయన వెంట గుడారాల్లో నివసిస్తూ అన్నిటా సాయపడింది. 1939లో ఆమె మరణించడం ఆయనకు తీరని లోటు.

నమూనాల కోసం సలీం ఆలీ కూడా పక్షులను కాల్చాడు. ఈ సంగతి దాచవలసిన పని లేదు. శాస్త్రం కోసం ఒకటి రెండు పక్షులను తీసుకోవడం వేరు, సరదాకు గుంపులను నేలకూల్చడం వేరు. మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు 1809 నుంచి 1829 దాకా అహ్మద్‌నగర్ ప్రాంతంలో ఒక్కడే 961 బట్టమేకలను చంపాడు. స్వాతంత్ర్యం తరువాత జీపుల మీద తరిమి కాల్చే వేట పెరిగింది.

బట్టమేక ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. అదీ గూడు లేకుండా, వట్టి నేల మీద. నక్క తినవచ్చు, పశువు తొక్కవచ్చు. అందుచేత చచ్చిన పక్షుల లోటు తీరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. సముద్రంలో తిమింగలాలకు జరిగింది కూడా ఇదే. నీలి తిమింగలం రెండు మూడేళ్లకు ఒక పిల్లను మాత్రమే కంటుంది. సలీం ఆలీ హైదరాబాదు సంస్థానంలో పక్షులను లెక్కిస్తున్న ఆ రోజుల్లోనే, 1930-31 వేట కాలంలో దక్షిణ ధ్రువ సముద్రంలో దాదాపు 30 వేల నీలి తిమింగలాలను ఓడల మీద వేటాడి నూనె కోసం చంపారు. ఇరవయ్యో శతాబ్దంలో చంపిన తిమింగలాలన్నీ కలిపితే సుమారు 29 లక్షలు. పక్షి చిన్నది, తిమింగలం కొండంతది. లెక్క మాత్రం ఒకటే. పుట్టేవాటికన్నా చచ్చేవి ఎక్కువైతే ఎంత పెద్ద మంద అయినా తరిగిపోతుంది.

బట్టమేకను జాతీయ పక్షిగా ప్రకటిస్తే దానికి రక్షణ కలుగుతుందని సలీం ఆలీ భావించాడు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నెమలి అందం ముందు ఈ గోధుమరంగు పక్షి నిలవలేకపోయింది! ఆయన మాత్రం పట్టు విడవలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, బట్టమేక వేట నేరమైంది.

1986 ఆయనకు సంతోషం కలిగించిన ఏడు. మన పొరుగున ఉన్న అనంతపురం వద్ద 1900లో కనిపించిన తరువాత జాడ తెలియకుండా పోయిన కలివికోడి, ఆ జనవరిలో కడప జిల్లాలో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. దానిని వెదికింది ఆయన సంఘంవారే. వారికి తోడుపడింది రాత్రిపూట దీపంతో పక్షులు పట్టే ఒక పల్లెటూరి వేటగాడు. వ్యాపారం కోసం తిమింగలాలను వేటాడరాదన్న అంతర్జాతీయ నిషేధం అమలులోకి వచ్చినది కూడా ఆ సంవత్సరమే.

1987లో, తొంభై ఏళ్ల వయసులో, సలీం ఆలీ కన్నుమూశాడు. మరుసటి ఏడు కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో బట్టమేకల కోసం అభయారణ్యం ఏర్పడింది. 1969లో దేశంలో సుమారు 1,260 ఉన్నాయని అంచనా వేసిన బట్టమేకలు నేడు బయట సుమారు 150 మాత్రమే మిగిలాయి. వేట ఆగినా, గడ్డిభూములు పొలాలైపోవడం, ఎగురుతూ కరెంటు తీగలకు తగిలి చనిపోవడం వాటికి కొత్త ఆపదలు. సిరుగుప్ప ప్రాంతంలో వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే కనిపించాయి.