చెట్టు పేర్ల చుట్టరికం: ఆగస్ట్ ష్లైఖర్

దేవదారు, భూర్జపత్రం అనే మాటలు మనం పురాణ కథల్లో విన్నవే. ‘దారు’ అంటే సంస్కృతంలో కొయ్య. రష్యన్ భాషలో చెట్టు ‘దేరెవొ’. భూర్జ వృక్షం రష్యన్లకు ‘బెర్యోజా’, బాల్టిక్ తీరంలోని లిథువేనియన్లకు ‘బెర్జాస్’. వేల మైళ్ళ దూరాన ఉన్నా ఈ పేర్లు ఒకే వేరు నుంచి వచ్చాయి. ఇలాంటి చుట్టరికాలను క్రమపద్ధతిలో పెట్టినవారిలో ముఖ్యుడు ఆగస్ట్ ష్లైఖర్.

ఆయన 1821లో జర్మనీలోని మైనింగెన్‌లో ఒక వైద్యుని ఇంట పుట్టారు. తోటపనన్నా, మొక్కలన్నా ప్రాణం. ప్రాగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉంటూ స్లావిక్ భాషలను పరిశోధించారు. పుస్తకాలతో సరిపెట్టుకోక, 1852లో ప్రష్యా రాజ్యంలోని లిథువేనియన్ పల్లెలకు వెళ్ళారు. రైతుల నోటి నుంచే భాష నేర్చుకుని పాటలు, కథలు, సామెతలు, పొడుపుకథలు రాసుకున్నారు. 1856-57లో ఆ భాషకు వ్యాకరణం, పాఠాలు, పదకోశం రెండు సంపుటాలుగా వెలువరించారు.

భాషల బంధుత్వాన్ని కొమ్మలు, రెమ్మలున్న చెట్టుగా 1853లో బొమ్మ గీసి చూపారు. అయితే అన్ని పేర్లూ పూర్వుల ఆస్తి కావు. బీచ్ చెట్టుకు స్లావిక్ భాషల్లో ఉన్న ‘బుక్’ అనే పేరు జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్న అరువు. మనకూ అంతే. దేవదారు సంస్కృతం ఇచ్చింది. వేప మాత్రం మన ద్రావిడ కుటుంబానిదే. తమిళుల వేంబు, కన్నడిగుల బేవు దాని తోబుట్టువులు.

భాష కూడా చెట్టులాగే పుట్టి, పెరిగి, వడలిపోతుందని ష్లైఖర్ నమ్మారు. తర్వాతి పండితులు దాన్ని ఒప్పుకోలేదు. లిథువేనియన్‌కు దగ్గరి చుట్టమైన పాత ప్రష్యన్ 18వ శతాబ్దం మొదట్లో అంతరించింది. ముసలిదై కాదు. 1709-11 నాటి ప్లేగు ఎందరినో తీసుకుపోయింది, మిగిలినవారి పిల్లలు జర్మన్‌కు మారిపోయారు. ఆ భాషలో భూర్జ వృక్షం పేరు ఈనాడు పాత పదపట్టికలోనే ఉంది.

ష్లైఖర్ 1868లో యేనా నగరంలో క్షయతో కన్నుమూశారు. అప్పటికి 47 ఏళ్ళే. ఆయన తిరిగిన పల్లెల్లో రెండో ప్రపంచయుద్ధం తర్వాత లిథువేనియన్ మాట వినపడకుండా పోయింది. పక్కనే లిథువేనియాలో మాత్రం అదే భాష నేడు రాజభాష. రెండుచోట్లా భాష ఒకటే. ఒకచోట మాట్లాడే పిల్లలు మిగిలారు, ఇంకోచోట మిగల్లేదు. మన పిల్లలు వేపచెట్టును చూసి వేప అన్నంత కాలం ఆ మాటకు చావులేదు.