వారసుల హక్కు కోసం లెక్క రాసిన అల్ ఖ్వారిజ్మీ

ఒక ఇంట్లో తండ్రి చనిపోతాడు. జనాజా నమాజ్ అవుతుంది, ఖననం అవుతుంది. కొన్నాళ్ళకు ఆస్తి పంపకం మాట వస్తుంది. ఇల్లు ఉంది, కొంత పొలం ఉంది, ఒక కొడుకు తండ్రి దగ్గర తీసుకున్న అప్పు ఉంది, ఎవరికో ఇమ్మని తండ్రి చేసిన వసీయత్ ఉంది. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు - ఎవరికి ఎంత? షరీఅత్ ఆదేశం స్పష్టంగానే ఉంది. కాని అప్పు, వసీయత్, వాటాలు ఒకదానితో ఒకటి ముడిపడినప్పుడు లెక్క తేలదు. లెక్క తేలనిచోట నోరున్నవాడిదే పైచేయి అవుతుంది. ఆడపిల్లల వాటా మాయమయ్యేది అక్కడే.

దాదాపు 1200 సంవత్సరాల క్రితం ఈ చిక్కుముడులను విప్పడానికి కలం పట్టిన ఒక మహా గణితవేత్త గురించి ఈ నెల తెలుసుకుందాం. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

బగ్దాద్‌లో విద్యాసేవ

ఆయన సుమారు క్రీ.శ. 780లో జన్మించారు. మధ్య ఆసియాలో అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం పేరే ఆయన పేరులో నిలిచిపోయింది. ఆయన జీవితం గడిచింది, ఖ్యాతి వెలిగింది మాత్రం బగ్దాద్‌లో. ఆ నగరాన్ని ఖలీఫా మన్సూర్ 762లో నిర్మించారు. 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ విద్వాంసులను ఎంతో ఆదరించారు. ఆ కాలంలో బైతుల్ హిక్మా అనే విజ్ఞాన నిలయంలో పనిచేసిన పండితులలో అల్ ఖ్వారిజ్మీ ఒకరు.

విద్య ఎవరి దగ్గర ఉన్నా నేర్చుకోవడానికి ఆయన వెనుకాడలేదు. సున్నాతో కలిపి పది అంకెలతో లెక్కించే భారతీయ పద్ధతిని వివరిస్తూ ఆయన ఒక గ్రంథం రాశారు. అందులో ఆ అంకెలు భారతీయులవేనని దాచకుండా చెప్పారు. గ్రహగతుల పట్టికలు తయారు చేశారు. నగరాలు, పర్వతాలు, నదులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిపే భూగోళ గ్రంథం రచించారు. సుమారు 850లో ఆయన ఈ లోకాన్ని విడిచారు.

బీజగణితం ఎందుకు పుట్టింది?

ఆయనను చిరస్మరణీయుణ్ణి చేసిన గ్రంథం 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా'. పాశ్చాత్యులు బీజగణితాన్ని ఆల్జీబ్రా అంటారు. ఆ పేరు ఈ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే వచ్చింది. 'జబ్ర్' అంటే లోటు పూడ్చడం, విరిగిన ఎముకను అతకడం. సమీకరణంలో ఒకవైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూరించడమే జబ్ర్. 'ముఖాబలా' అంటే ఎదురెదురుగా పెట్టడం. రెండు వైపులా ఒకే రకంగా ఉన్నవాటిని సమానంగా కొట్టివేయడమే ముఖాబలా.

ఈ పుస్తకాన్ని ఆయన పండితుల వినోదం కోసం రాయలేదు. వారసత్వం, వసీయత్, ఆస్తి పంపకం, వ్యాజ్యాలు, వ్యాపారం, భూముల కొలత, కాలువల తవ్వకం వంటి పనుల్లో ప్రజలకు అవసరమయ్యే లెక్కలను సులువుగా చెప్పాలన్నదే తన ఉద్దేశమని ముందుమాటలోనే తెలిపారు. పుస్తకంలో చాలా భాగం వసీయత్, వారసత్వ సమస్యలకే కేటాయించారు. అందులో ఇప్పటి పుస్తకాల్లోలా గుర్తులు ఉండవు. సంఖ్యలతో సహా అంతా మాటల్లోనే ఉంటుంది. తెలియని రాశిని ఆయన 'షై' అన్నారు, అంటే 'వస్తువు' అని అర్థం.

ఒక వసీయత్ లెక్క

ఆయన చెప్పిన ఒక సమస్యను మన మాటల్లో చూద్దాం. ఒక వ్యక్తి ఇద్దరు కొడుకులను వదిలి చనిపోయాడు. ఆస్తిలో మూడో వంతు ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేశాడు. చేతిలో ఉన్నది 10 దిర్హమ్‌లు. ఒక కొడుకు తండ్రికి మరో 10 దిర్హమ్‌లు బాకీ ఉన్నాడు. ఎవరికి ఎంత రావాలి?

ఇక్కడ తెలియనివి ఎన్నో ఉన్నాయి. వసీయత్ మొత్తం తెలియదు, కొడుకుల వాటా తెలియదు, అప్పులోంచి ఎంత లెక్కలోకి వస్తుందో తెలియదు. ఒకటి తెలిస్తేగాని మరొకటి తెలియదు. ఆనాటి ఫిఖహ్ పద్ధతి ప్రకారం బాకీ ఉన్న కొడుకు వాటాకు సమానమైన అప్పునే ఆస్తిలో కలిపారు. ఆ మొత్తాన్ని ఆయన 'షై' అన్నారు. అప్పుడు ఆస్తి 10 దిర్హమ్‌లు, ఒక షై. అందులో మూడో వంతు వసీయత్‌కు పోతే, మిగిలినదానిలో ఒక్కో కొడుకుకు ఆస్తిలో మూడో వంతు వస్తుంది. అంటే 10 దిర్హమ్‌లలో మూడో వంతు, షైలో మూడో వంతు. బాకీ ఉన్న కొడుకు వాటా షైకి సమానమని ముందే అనుకున్నాం. ఇప్పుడు రెండు వైపులా షైలో మూడో వంతును కొట్టివేస్తే, షైలో మూడింట రెండు వంతులు 10 దిర్హమ్‌లలో మూడో వంతుకు సమానమవుతాయి. కనుక షై 5 దిర్హమ్‌లు. వసీయత్ 5, ఒక్కో కొడుకుకు 5. బాకీ ఉన్న కొడుకు వాటా అప్పులోనే సర్దుబాటవుతుంది. చేతిలోని 10 దిర్హమ్‌లు మిగతా ఇద్దరికీ చెందుతాయి.

తెలియనివాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తూ చివరికి ఒక్కదాన్నే మిగల్చడం - మన పిల్లలు పదో తరగతిలో నేర్చుకునే 'చరరాశిని తొలగించు పద్ధతి' వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అయితే ఈ కళ ఒక్కరి సొత్తు కాదు. అనేక తెలియని రాశులను తొలగించే పద్ధతి చైనా వారికి అంతకు ముందే తెలుసు. ఈజిప్టుకు చెందిన అబూ కామిల్ అల్ ఖ్వారిజ్మీ బాటలో మరింత ముందుకు నడిచారు. ఈ గ్రంథం 1145లో లాటిన్‌లోకి అనువాదమై యూరప్‌కు చేరింది. కంప్యూటర్ చదివే పిల్లల నోట వినిపించే 'అల్గారిథమ్' అన్న మాట కూడా ఆయన పేరు నుంచి పుట్టినదే.

మనం ఏం చేస్తున్నాం?

ఆయన మరో సమస్యలో ఒక స్త్రీ భర్తను, ఒక కొడుకును, ముగ్గురు కూతుళ్ళను వదిలి చనిపోతుంది. వసీయత్ తీశాక మిగిలినదాన్ని 20 భాగాలు చేస్తే భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కో కూతురికి 3 వస్తాయి. ఒక్క భాగం కూడా గల్లంతు కాదు.

సోదర సోదరీమణులారా! అల్ ఖ్వారిజ్మీ మనవాడని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. కాని మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? పెళ్ళిలో జహేజ్ ఇచ్చాం కదా అని చెల్లెలి చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకుంటున్నాం. తల్లి వాటా సంగతే ఎత్తడం లేదు. సూరయె నిసాలో అల్లాహ్ నిర్ణయించిన వాటాలు ఎవరి దయాదాక్షిణ్యాలు కావు, అవి హక్కులు. ముందు అప్పులు తీర్చాలి, తర్వాత మూడో వంతుకు మించకుండా వసీయత్ నెరవేర్చాలి, మిగిలినది వారసులకు పంచాలి. చిక్కు వస్తే ఉలమాను అడగాలి. లెక్క తెలిసిన కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టుకోవాలి.

మన పిల్లలకు గణితం బాగా నేర్పుదాం. ఆ గణితం మొదట మన ఇంటి పంపకంలోనే న్యాయం చేయాలని కూడా నేర్పుదాం. హక్కుదారులకు వారి హక్కు చేర్చే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.