తొలి మహిళా దర్శకురాలు ఆలిస్ గీ

చలనచిత్రం నేడు మన నిత్యజీవితంలో ఒక భాగమైపోయింది. తెరమీద కనిపించే నటీనటులను మనం ఇట్టే గుర్తుపడతాం. కాని తెరవెనుక ఉండి, కథను ఊహించి, నటులకు నేర్పి, చిత్రాన్ని తీర్చిదిద్దే దర్శకుల పేర్లు అందరికీ గుర్తుండవు. అటువంటి దర్శకులలో మొట్టమొదటి మహిళ ఒక ఫ్రెంచి వనిత. చలనచిత్రం పుట్టిన తొలినాళ్ళలోనే ఆమె కెమెరాతో కథలు చెప్పింది. సొంతంగా స్టూడియో కట్టించింది. వందలాది చిత్రాలు తీసింది. అయినా ఆమె బతికి ఉండగానే లోకం ఆమెను మరిచిపోయింది. ఆమె చేసిన పని ఇతరుల పేర చరిత్రకెక్కింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి ఆమె జీవితంలో సగభాగం గడిచిపోయింది. ఆ మహిళ పేరు ఆలిస్ గీ.

ఆలిస్ 1873 జూలై 1న పారిస్ నగరం అంచున ఉన్న సేన్ మాండేలో జన్మించింది. ఆమె తండ్రి దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో పుస్తకాల వ్యాపారం చేసేవాడు. బిడ్డ ఫ్రాన్సులోనే పుట్టాలని తల్లి ఓడలో స్వదేశానికి వచ్చి, ప్రసవించిన కొన్ని నెలలకు తిరిగి భర్త దగ్గరికి వెళ్ళిపోయింది. పసిబిడ్డ స్విట్జర్లాండులో అమ్మమ్మ ఒడిలో పెరిగింది. మూడు నాలుగేళ్ళ వయసులో తల్లి వచ్చి ఆమెను చిలీకి తీసుకుపోయింది. అక్కడ ఇంట్లో పనిచేసే మనిషి దగ్గర ఆలిస్ స్పానిష్ మాటలు నేర్చుకొంది. ఒక భాషకు అలవాటుపడేలోపల మరొక భాష, ఒక ఊరు తనదనుకొనేలోపల మరొక ఊరు. ఆమె బాల్యమంతా అలాగే గడిచింది. ఆరేళ్ళ వయసులో తండ్రి ఆమెను మళ్ళీ ఐరోపాకు తెచ్చి, క్రైస్తవ సన్యాసినులు నడిపే పాఠశాలలో చేర్పించాడు.

కొన్నాళ్ళకు ఆ కుటుంబానికి కష్టకాలం దాపురించింది. తండ్రి వ్యాపారం దెబ్బతింది. అన్న మరణించాడు. కొద్దికాలానికే తండ్రి కూడా కన్నుమూశాడు. తల్లిని పోషించే భారం ఆలిస్ మీద పడింది. ఆ రోజుల్లో మంచి కుటుంబాల ఆడపిల్లలు ఉద్యోగం చేయడం అరుదు. ఆలిస్ వెనుదీయలేదు. అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకొంది. 1894లో పారిస్‌లో కెమెరాలు, ఫోటో సామగ్రి అమ్మే ఒక సంస్థలో ఉద్యోగం కోసం వెళ్ళింది. అక్కడి అధికారి లియోన్ గోమోన్ ఆమెను చూసి, వయసు మరీ చిన్నదని సందేహించాడు. ఆ లోపం రోజులు గడిచేకొద్దీ తనంతట తానే తీరిపోతుందని ఆలిస్ సమాధానం చెప్పింది. గోమోన్ నవ్వి ఆమెను కార్యదర్శిగా చేర్చుకొన్నాడు. మరుసటి సంవత్సరం ఆ సంస్థ గోమోన్ చేతికే వచ్చింది.

1895 మార్చి 22న పారిస్‌లో లూమియేర్ సోదరులు ఒక వింతను ప్రదర్శించారు. వారి కర్మాగారం నుంచి పనివారు బయటికి వస్తున్న దృశ్యం తెరమీద కదిలింది. గోమోన్‌తోపాటు ఆ ప్రదర్శనకు వెళ్ళిన కొద్దిమందిలో ఆలిస్ ఒకతె. బొమ్మలు కదలడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఆలిస్ మనసులో మరొక ఆలోచన మెదిలింది. పుస్తకాల నడుమ పెరిగిన ఆమెకు కథలంటే ప్రాణం. పనివారు నడవడం, రైలుబండి వచ్చి ఆగడం, సైనికులు కవాతు చేయడం వంటి దృశ్యాలను చూపి ఊరుకోవడం ఎందుకు? ఈ యంత్రంతో కథ చెప్పవచ్చు కదా అని ఆమెకు తోచింది.

ఆమె తన కోరికను గోమోన్‌కు జంకుతూ విన్నవించింది. ఆయన కెమెరాలను అమ్మే వ్యాపారి. వాటితో తీసే బొమ్మల మీద ఆయనకు పెద్ద గురి లేదు. అందుచేత సరేనన్నాడు. కాని కార్యాలయం పనికి ఏమాత్రం ఆటంకం కలగకూడదని షరతు పెట్టాడు. ఆలిస్ అందుకు ఒప్పుకొంది. పారిస్‌లోని బెల్‌విల్ పేటలో ఒక ఖాళీ వసారా దొరికింది. విసనకర్రల మీద బొమ్మలు వేసే చిత్రకారుడు వెనుక తెర గీశాడు. వడ్రంగి చెక్కతో క్యాబేజీలు చేసి ఇచ్చాడు. స్నేహితులే నటులయ్యారు. ఒక దేవత తోటలోని క్యాబేజీల నడుమ నుంచి పసిపిల్లలను బయటికి తీయడం అందులోని కథ. పిల్లలు క్యాబేజీలలో పుడతారని ఫ్రాన్సులో పెద్దలు చిన్నపిల్లలకు సరదాగా చెబుతారు. ఆ నమ్మికనే ఆమె చిత్రంగా మలిచింది. దాని పేరు క్యాబేజీ దేవత. నిడివి ఒక నిమిషమైనా లేదు. దీనిని 1896లో తీసినట్లు ఆలిస్ తన స్మృతులలో రాసింది. ఆ సంవత్సరం విషయంలో చరిత్రకారులకు భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కాని కథాచిత్రాలకు దర్శకత్వం వహించిన తొలి స్త్రీ ఆమేనన్న విషయంలో భేదం లేదు.

ఆ చిన్న చిత్రాలకు గిరాకీ పెరిగింది. గోమోన్ సంస్థలో చిత్రనిర్మాణ బాధ్యత అంతా ఆలిస్ చేతికి వచ్చింది. దాదాపు పదేళ్ళపాటు ఆమె ఆ విభాగాన్ని నడిపింది. కథలు ఎంచడం, నటులను కుదుర్చుకోవడం, దృశ్యాలు తీయించడం, కొత్తవారికి పని నేర్పడం అన్నీ ఆమె చూసుకొనేది. ఆమె దగ్గర పని నేర్చుకొన్నవారిలో కొందరు తరవాత పేరుపొందిన దర్శకులయ్యారు. 1906లో ఆమె క్రీస్తు జీవితాన్ని 25 ఘట్టాలుగా, సుమారు 300 మంది నటులతో, దాదాపు అరగంట చిత్రంగా తీసింది. ఆ కాలానికి అది చాలా పెద్ద ప్రయత్నం.

మాట్లాడే చిత్రాలు రావడానికి పాతికేళ్ళ ముందే ఆలిస్ పాటల చిత్రాలు తీసింది. ముందుగా గాయకుల పాటను రికార్డు చేసేవారు. ఆ రికార్డును వినిపిస్తూ, దానికి అనుగుణంగా పెదవులు కదుపుతున్న గాయకులను చిత్రీకరించేవారు. ప్రదర్శనలో రెండింటినీ కలిపి నడిపేవారు. నేడు మన సినిమాలలో పాటలు తీసే పద్ధతి కూడా ఇటువంటిదే.

1907లో ఆలిస్ తన సహోద్యోగి హెర్బర్ట్ బ్లాషేను వివాహమాడి, ఆలిస్ గీ బ్లాషే అయింది. గోమోన్ వ్యాపారం పని మీద భర్తతోపాటు అమెరికాకు వెళ్ళింది. అక్కడ 1908లో కూతురు సిమోన్ పుట్టింది. పాప పుట్టిన రెండేళ్ళకు, 1910లో, ఆలిస్ సోలాక్స్ అనే సొంత చిత్రనిర్మాణ సంస్థను స్థాపించి దానికి అధ్యక్షురాలయింది. అప్పటికి అమెరికాలో స్త్రీలకు దేశమంతటా ఓటుహక్కు కూడా లేదు. అది 1920లో గాని రాలేదు.

సోలాక్స్ మొదట న్యూయార్కులో పనిచేసింది. 1912లో ఆలిస్ ఫోర్ట్ లీ పట్టణంలో లక్ష డాలర్లకు పైగా వెచ్చించి పెద్ద స్టూడియో కట్టించింది. ఫోర్ట్ లీ న్యూయార్కుకు ఎదురుగా, హడ్సన్ నది ఆవలి ఒడ్డున, ఎత్తైన రాతికొండల మీద ఉన్న ఊరు. హాలీవుడ్ పేరు మోగకముందు అమెరికాలో చిత్రనిర్మాణానికి అది పెద్ద కేంద్రం. వెలుతురు కోసం ఆ స్టూడియో పైకప్పును గాజుతో అమర్చారు. ఆ రోజుల్లో నటులు చేతులు విపరీతంగా ఊపుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ నటించేవారు. ఆలిస్‌కు అది నచ్చేది కాదు. సహజంగా నటించమని గుర్తుచేస్తూ స్టూడియోలో పెద్ద అక్షరాల బోర్డు ఒకటి కట్టించింది. అదే సంవత్సరం ఆమెకు కొడుకు రెజినాల్డ్ పుట్టాడు. ఇద్దరు పిల్లల ఆలనాపాలనా చూసుకొంటూనే ఆమె చిత్రాలు తీసింది. 1912లో కేవలం నల్లజాతి నటులతోనే ఒక హాస్యచిత్రం తీసింది. అటువంటి చిత్రాలలో చాలా తొలినాటిదైన ఆ చిత్రం ప్రతి నేటికీ మిగిలి ఉంది.

ఆ వైభవం ఎక్కువకాలం నిలవలేదు. చిత్రాల నిడివి, ఖర్చు పెరిగాయి. పెద్ద కంపెనీలతో చిన్న సంస్థలు పోటీపడలేకపోయాయి. చిత్రపరిశ్రమ క్రమంగా కాలిఫోర్నియాకు తరలిపోయింది. హెర్బర్ట్ కుటుంబాన్ని విడిచి అక్కడికే వెళ్ళిపోయాడు. స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగింది. ఆలిస్ విషజ్వరం బారినపడి చావు తప్పి బయటపడింది. 1920లో ఆమె చివరి చిత్రం విడుదలైంది. స్టూడియో వేలంలో పోయింది. 1922లో ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఆమె ఫ్రాన్సుకు తిరిగివచ్చింది. అప్పుడామె వయసు 49 సంవత్సరాలు.

స్వదేశంలో ఆమెను ఎరిగినవారు లేరు. చిత్రసంస్థల చుట్టూ తిరిగినా పని దొరకలేదు. తానేమి చేసిందో చూపడానికి ఆమె చేతిలో ఒక్క చిత్రమైనా లేదు. ఆనాటి ఫిల్ము త్వరగా మండేది, చెడిపోయేది. ఆట ముగిసిన చిత్రాలను ఎవరూ దాచేవారు కారు. తొలినాటి చిత్రాలలో దర్శకుల పేర్లు వేసే అలవాటు కూడా లేదు. 1927లో ఆమె సముద్రం దాటి అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు వెళ్ళి, అక్కడి జాతీయ గ్రంథాలయంలో తన చిత్రాల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. పిల్లల కథలు, సినిమా కథలు పత్రికలకు రాసుకొంటూ ఆమె కాలం గడిపింది. కూతురు సిమోన్ ఉద్యోగం చేసి తల్లిని కనిపెట్టుకొని ఉంది.

అంతకంటే బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. చలనచిత్ర చరిత్ర పుస్తకాలు వెలువడసాగాయి. వాటిలో ఆమె చిత్రాలు కొన్ని ఆమె కింద పనిచేసిన పురుషుల పేర నమోదయ్యాయి. గోమోన్ సంస్థ తన చరిత్రను ప్రకటించినప్పుడు అందులో సైతం ఆమె కృషి ప్రస్తావన లేదు. ఆలిస్ నిందలకు దిగలేదు. ఓపికతో ఉత్తరాలు రాసింది. జ్ఞాపకం ఉన్నంతవరకు తన చిత్రాల పేర్లు, సంవత్సరాలు జాబితాగా రాసిపెట్టింది. గోమోన్ పొరపాటును ఒప్పుకొన్నాడు. కాని సరిదిద్దిన చరిత్ర అచ్చుకాకముందే 1946లో మరణించాడు. 1954లో ఆయన కుమారుడు లూయీ గోమోన్ పారిస్‌లో ఒక సభలో ఆమెను తొలి మహిళా దర్శకురాలిగా పేర్కొని, ఆమెను మరవడం అన్యాయమని ప్రకటించాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఆమెకు తన అత్యున్నత గౌరవ పురస్కారాన్ని ఇచ్చింది. ఆమె తన జీవితకథ రాసింది. దానిని అచ్చువేసేవారు మాత్రం ఆమె జీవించి ఉండగా దొరకలేదు.

1964లో ఆలిస్ కూతురితో కలిసి మళ్ళీ అమెరికా చేరింది. 1968 మార్చి 24న, 94 ఏళ్ళ వయసులో, న్యూజెర్సీ రాష్ట్రంలో కన్నుమూసింది. ఒకనాడు ఆమె స్టూడియో కట్టించిన ఫోర్ట్ లీ ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆమె సమాధి రాతిమీద ఆమె చేసిన పనిని గురించి ఒక్క మాట లేదు. ఆమె రాసుకొన్న జీవితకథ 1976లో ఫ్రెంచిలోను, 1986లో ఇంగ్లీషులోను వెలువడింది. పరిశోధకులు దేశదేశాల్లో వెతకగా ఆమె చిత్రాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆమె తీసినవి దాదాపు వెయ్యి అని అంచనా. వాటిలో నేడు దొరుకుతున్నవి సుమారు 150.

ఆమెను తిరిగి లోకానికి గుర్తుచేసినవారిలో ఫోర్ట్ లీ ప్రజలు ముఖ్యులు. తమ ఊరి చరిత్రను భద్రపరచుకొనే క్రమంలో అక్కడివారు పాత స్టూడియోల ఛాయాచిత్రాలు, పత్రాలు సేకరించారు. ఊరి చలనచిత్ర సంఘం ఆలిస్ చిత్రాలను ప్రదర్శించి, ఆమెను గురించి సభలు జరిపింది. ఆ సంఘం పట్టుదల వల్లనే 2011లో అమెరికా దర్శకుల సంఘం ఆమెకు మరణానంతర గౌరవం ప్రకటించింది. 2012లో ఊరివారు ఆమె సమాధి మీద కొత్త రాయి నిలిపారు. తొలి మహిళా దర్శకురాలనీ, స్టూడియో నడిపిన తొలి మహిళ అనీ దానిమీద చెక్కించారు. 2022లో ఫోర్ట్ లీలో సినిమా మందిరం, ప్రదర్శనశాల కలిసిన ఒక పెద్ద భవనం ప్రారంభమైంది. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవం నాడు సెన్ నది ఒడ్డున పదిమంది ఫ్రెంచి మహిళల బంగారు వన్నె విగ్రహాలు పైకి లేచాయి. వాటిలో ఒకటి ఆలిస్ గీ విగ్రహం.

పని చేయడం ఎంత ముఖ్యమో, చేసినవారి పేరు నిలపడం కూడా అంతే ముఖ్యమని ఆలిస్ గీ జీవితం తెలియజేస్తుంది. ఆమె తాను చేసిన పనిని కాగితం మీద పెట్టకపోయి ఉంటే వెతకవలసిన చిత్రాలేవో ఎవరికీ తెలిసేది కాదు. ఒక చిన్న ఊరివారు శ్రద్ధ తీసుకోకపోయి ఉంటే ఆమె సమాధి ఇప్పటికీ మూగగానే ఉండేది. ప్రతి ఊళ్ళోనూ ఇటువంటి మరుగునపడిన పేర్లు కొన్ని ఉంటాయి. పెద్దలను అడిగి, విన్నది రాసి, దాచిపెట్టేవారు ఉన్నప్పుడే అవి వెలుగులోకి వస్తాయి.