హకీం అజ్మల్ ఖాన్: సర్పగంధ వేరు నుంచి మెదడు దాకా

ఎస్.ఆర్. నగర్ పక్కనే ఎర్రగడ్డలో రెండు సంస్థలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన మానసిక వైద్యశాల. ఆ పేరెత్తితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు, ఇంట్లో రోగి ఉన్నవాళ్లు తల దించుకుంటారు. రెండోది కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ. 2017లో మొదటి యునానీ దినోత్సవం జరిగింది ఇక్కడే. ఏటా ఫిబ్రవరి 11న హకీం అజ్మల్ ఖాన్ జయంతి సందర్భంగా ఆ దినోత్సవం జరుపుతారు. పక్కనున్న ఆసుపత్రిలో వైద్యం చేసే జబ్బులను సైన్స్ అర్థం చేసుకున్న కథలోనూ ఆయనకు ఒక వాటా ఉంది.

అజ్మల్ ఖాన్ 1868లో ఢిల్లీలో పుట్టారు. మొఘల్ కాలం నుంచి పేరున్న షరీఫీ హకీంల ఖాందాన్ వారిది. చిన్నతనంలోనే ఖురాన్ కంఠస్థం చేశారు. ఇంటి పెద్దల దగ్గరే వైద్యం నేర్చుకుని 1892లో రాంపూర్ నవాబుకు హకీం అయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదును 1920లో వదులుకున్నారు. జనం మాత్రం ఆయన్ని మసీహుల్ ముల్క్ అని పిలుచుకున్నారు. అదే ఏడాది పుట్టిన జామియా మిల్లియా ఇస్లామియాకు మొదటి ఛాన్సలర్ ఆయనే. 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు.

ఆయన ప్రాణం మాత్రం ఢిల్లీ కరోల్ బాగ్‌లోని తిబ్బియా కాలేజీ మీదే ఉండేది. యునానీ, ఆయుర్వేదం రెండూ ఒకే కప్పు కింద నేర్పే ఆ కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. తాతల నాటి మందు అని గొప్ప చెప్పుకుంటే చాలదని, అందులో ఏముందో పరీక్షించి తేల్చాలని హకీం సాబ్ నమ్మారు. అందుకే జర్మనీలో రసాయన శాస్త్రం చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని ప్రోత్సహించి, కాలేజీలో మూలికల పరిశోధన మొదలుపెట్టించాలని తలచారు. ఫలితం చూడకుండానే 1927 డిసెంబర్ 29న కన్నుమూశారు.

సిద్దీఖీ ఆ పని ఆపలేదు. పిచ్చికి, నిద్రలేమికి మన దేశంలో తరతరాలుగా వాడుతున్న సర్పగంధ వేరు నుంచి 1931లో కొన్ని పదార్థాలు విడదీశారు. ఒకదానికి హకీం సాబ్ గుర్తుగా అజ్మలీన్ అని పేరు పెట్టారు. అది గుండె లయ మీద పనిచేసేది. మనసు మీద పనిచేసే రెసర్పిన్‌ను అదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు బయటికి తీశారు.

మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలు ఉంటాయి. ఒక కణం ఇంకో కణానికి కబురు అందించే చోటును సైనాప్స్ అంటారు. అక్కడ సన్నని ఖాళీ ఉంటుంది. కణం చివర చిన్న చిన్న సంచుల్లో దాచిన రసాయనాలు ఆ ఖాళీలోకి విడుదలై కబురు మోస్తాయి. రెసర్పిన్ ఆ సంచుల్లో డోపమైన్, సెరటోనిన్ లాంటివి నిండకుండా అడ్డుకుంటుంది. తీవ్రమైన ఆందోళనలో ఉన్న రోగులు దాంతో నెమ్మదించారు. బీపీ కోసం వాడిన కొందరు మాత్రం దిగులులో పడ్డారని అప్పటి డాక్టర్లు గమనించారు. 1957లో స్వీడన్‌కు చెందిన అర్విడ్ కార్ల్‌సన్ బృందం రెసర్పిన్‌తో కదలిక ఆగిపోయిన కుందేళ్లకు ఎల్-డోపా ఇస్తే అవి మళ్లీ లేచి తిరిగాయి. డోపమైన్‌పై ఆ కృషికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది.

రసాయనం ఎక్కువ తక్కువలతోనే కథ అయిపోదని తర్వాత తెలిసింది. ఎదిగే వయసులో మెదడు అక్కర్లేని సైనాప్స్‌లను కత్తిరించుకుంటుంది. ఆ కత్తిరింపు మితిమీరడం స్కిజోఫ్రీనియాకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. చాలామందిలో ఆ జబ్బు టీనేజీ చివర్లోనో, ఇరవైల్లోనో బయటపడుతుంది.

అందుకే చదువుకునే పిల్లాడు ఉన్నట్టుండి గదిలో ఒంటరిగా కూర్చుంటే, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే, దాన్ని పొగరనో, గాలి సోకిందనో అనుకుని నెలలు పోగొట్టుకోకూడదు. సర్పగంధ వేరు తెచ్చి సొంతంగా తినిపించడమూ ప్రమాదమే. అది బీపీని బాగా పడేస్తుంది, దిగులును పెంచవచ్చు. హకీం సాబ్ హాఫిజ్, రోగిని పరీక్షించి మందిచ్చిన వైద్యుడు కూడా. దువాతో పాటు దవా కూడా కావాలని ఆయన జీవితమే చెబుతుంది. ఎర్రగడ్డ గేటు లోపలికి వెళ్లడానికి ఏ కుటుంబమూ సిగ్గుపడనక్కర్లేదు.