మంచులో ఇరుక్కున్న విమానం: పైలట్ ఐల్సన్ కథ

తొలకరి పడగానే మా వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం నేల చూస్తూ తిరుగుతుంటారు. ఆ తడి నేలలో బైకుకి సైడ్ స్టాండ్ వేస్తే మెల్లగా దిగబడి బండి ఒరిగిపోతుంది. అందుకే స్టాండ్ కింద ఒక నాపరాయి ముక్క పెడతాం. బరువు అదే, కానీ ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి దిగబడదు.

మంచు దేశాల్లో చిన్న విమానాలకీ ఇదే సమస్య. ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం ఉండే విమానానికి ముందు వైపు స్కీలు, అంటే పొడవాటి పలకలు బిగిస్తారు. తోకని అలాగే వదిలేస్తే ఆ బుల్లి చక్రం మెత్తటి మంచుని నాగలిలా దున్నేస్తుంది. అందుకని తోకకీ ఒక చిన్న స్కీ కావాలి. దాని ముక్కు కిందికి వాలితే మంచులో గుచ్చుకుంటుంది. కాబట్టి స్ప్రింగుతోనో రబ్బరు తాడుతోనో ముక్కుని పైకి లాగి ఉంచుతారు. మరీ పైకి లేవకుండా ఇంకో తీగ కడతారు. ఇంత చేసినా, ఆగిన స్కీలు కాసేపటికి మంచుకి అతుక్కుపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు దిగి తోకని ఊపి, నెట్టి విడిపించాలి.

సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నాడు కార్ల్ బెన్ ఐల్సన్.

ఐల్సన్ 1897లో అమెరికాలోని నార్త్ డకోటాలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో సైన్యంలో విమానం నడపడం నేర్చుకున్నాడు. 1922లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కి హైస్కూల్ టీచర్‌గా వెళ్ళాడు. కానీ మనసంతా ఆకాశం మీదే. మరుసటి ఏడాదికి ఊరివాళ్ళ సాయంతో ఒక పాత విమానం సంపాదించాడు. 1924 ఫిబ్రవరి 21న స్కీలు బిగించిన విమానంలో మెక్‌గ్రాత్‌కి తపాలా తీసుకెళ్ళాడు. కుక్కల బళ్ళకి రెండు వారాలకు పైగా పట్టే దారి, మూడు గంటల్లోపే అయిపోయింది. అయితే ప్రమాదాలు ఎక్కువై కొన్ని ట్రిప్పుల తర్వాత తపాలా శాఖ ఆ ఒప్పందం రద్దు చేసింది.

తర్వాత ఆస్ట్రేలియా అన్వేషకుడు హ్యూబర్ట్ విల్కిన్స్‌తో కలిశాడు. 1927లో సముద్రపు మంచు మీద దిగాల్సి వచ్చి, ఇద్దరూ రోజుల తరబడి నడిచి బయటపడ్డారు. చలికి ఐల్సన్ ఒక వేలు పోయింది. అయినా మానలేదు.

1928 ఏప్రిల్ 15న అలాస్కాలోని పాయింట్ బారో నుంచి లాక్‌హీడ్ వేగా విమానంలో బయల్దేరారు. ఆర్కిటిక్ మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు, 20 గంటలకు పైగా ఎగిరి స్పిట్స్‌బెర్గెన్ చేరారు. కానీ తుఫాను వల్ల మనుషుల్లేని ఒక చిన్న దీవి మీద దిగాల్సి వచ్చింది. ఐదు రోజులు అక్కడే. ఇంధనం కొంచెమే మిగిలింది.

వాతావరణం తేలికపడ్డాక ఇంజిన్ స్టార్ట్ చేస్తే విమానం కదల్లేదు. విల్కిన్స్ దిగి తోక నెట్టాడు. విమానం కదిలింది, కానీ అతను ఎక్కేలోపే ఎగిరిపోయింది! కిందకి చూసిన ఐల్సన్‌కి అతను మంచులో ఒంటరిగా కనిపించాడు. వెనక్కి వచ్చి దిగాడు. రెండోసారి విల్కిన్స్ పట్టుకుని వేలాడి జారిపడ్డాడు. మళ్ళీ దిగాడు ఐల్సన్. ప్రతిసారీ ఇంధనం తగ్గిపోతోంది. మూడోసారి విల్కిన్స్ సగం లోపలికి ఎక్కి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక కర్రతో మంచుని నెట్టాడు. ఈసారి ఇద్దరూ ఎగిరారు. కొద్ది దూరంలోనే ఉన్న గ్రీన్ హార్బర్‌లో దిగారు.

1929 నవంబరులో, సైబీరియా దగ్గర మంచులో చిక్కిన నానుక్ అనే ఓడ నుంచి మనుషుల్ని, సరుకుని తేవడానికి వెళ్తూ ఐల్సన్, మెకానిక్ ఎర్ల్ బోర్లాండ్ తుఫానులో కూలిపోయారు. అప్పటికి ఐల్సన్ వయసు 32. శిథిలాలు 1930 జనవరిలో దొరికాయి. ఈరోజు అలాస్కాలో ఒక వైమానిక స్థావరానికి అతని పేరే ఉంది.

నాకైతే ఆ రికార్డు కన్నా ఆ దీవి ఎక్కువ గుర్తుండిపోయింది. ఆర్కిటిక్‌ని ఒక్క ఊపులో దాటిన విమానానికి, కాళ్ళ కింది మంచు నుంచి లేవడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. తోడున్నవాణ్ణి వదల్లేక ఐల్సన్ రెండుసార్లు మళ్ళీ అదే మంచులోకి దిగాడు.